నీళ్ళలో దొరకని మందు పక్షి కొవ్వులో ఎలా దొరికింది

కాలిఫోర్నియాలో క్లియర్ లేక్ అని పెద్ద సరస్సు ఉంది, చేపల వేటకి, సెలవులకి జనం బాగా వెళ్ళే చోటు. అక్కడ దోమలా ఉండే చిన్న పురుగొకటి, కుట్టదు గానీ గుంపులుగా మొహం మీదికొచ్చి విసిగిస్తుంది, దాన్ని వదిలించుకుందామని 1949లో సరస్సు నీళ్ళలో డీడీడీ అనే పురుగుమందు కలిపారు. డీడీడీ అంటే డీడీటీకి దగ్గరి చుట్టం, చేపలకి డీడీటీ కంటే తక్కువ హాని చేస్తుందని లెక్క చూసుకుని మరీ ఎంచుకున్నారు. డోసు కూడా చాలా జాగ్రత్తగా పెట్టారు, 7 కోట్ల భాగాల నీళ్ళకి 1 భాగం మందు. పురుగులు మళ్ళీ వచ్చాయని 1954లో 5 కోట్ల భాగాలకి 1 భాగం చేశారు. ఆ చలికాలంలో గ్రీబ్ అనే నీటిపక్షులు, ఇవి చేపలు తిని బతుకుతాయి, వందకి పైగా చచ్చి తేలాయి. 1957లో మూడోసారి మందు వేశాక ఇంకొన్ని చచ్చాయి, అప్పుడు ఎవరికో వాటి కొవ్వు తీసి పరీక్ష చేద్దామని తోచింది. చేస్తే ఆ కొవ్వులో డీడీడీ 1600 పీపీఎం ఉంది. పీపీఎం అంటే పది లక్షల్లో ఒక భాగం, కిలోకి ఒక మిల్లీగ్రాము అనుకోండి. నీళ్ళలో కలిపింది 0.02 పీపీఎం. అంటే 80 వేల రెట్లు.

ఇంకా ఆశ్చర్యం ఏంటంటే చివరిసారి మందు వేసిన కొద్దికాలానికే సరస్సు నీళ్ళని పరీక్షిస్తే డీడీడీ జాడ కూడా లేదు. నీళ్ళు క్లీన్. మందు మాత్రం ఎక్కడికీ పోలేదు, నీళ్ళలోంచి ప్రాణమున్న వాటి ఒంట్లోకి మారింది. నీళ్ళలో తేలే సూక్ష్మజీవుల్లో 5 పీపీఎం దాకా, వాటినీ నాచునీ తినే చేపల్లో 40 నుంచి 300 పీపీఎం దాకా, వాటిని తిన్న పెద్ద చేపల్లో, పక్షుల్లో ఇంకా ఎక్కువ. మందు కొట్టక ముందు ఆ సరస్సు మీద వెయ్యి జంటలకి పైగా గూళ్ళు పెట్టుకునే గ్రీబులు 1960 నాటికి 30 జంటల దగ్గరికి పడిపోయాయి.

ఈ సంగతి ఇంత వివరంగా ఎందుకు చెప్తున్నానంటే, మన దగ్గర ఇప్పటికీ ఎక్కడైనా చెరువులో చేపలు చచ్చి తేలితే, బోరు నీళ్ళు రంగు మారితే, ఎవరో వచ్చి ఒక సీసాలో నీళ్ళు పట్టుకెళ్తారు, రిపోర్టు వస్తుంది, "పరిమితుల్లోపే ఉంది" అంటారు, అక్కడితో కథ అయిపోతుంది. ఆ రిపోర్టు అబద్ధం కాకపోవచ్చు. కానీ అడగాల్సిన ప్రశ్న అది కాదు. ఒక కెమికల్ నీళ్ళలో ఎంత ఉంది, ఎంత ఘాటు విషం అనేదానికంటే ముందు అది ఒకసారి లోపలికి వెళ్ళాక బయటికి వస్తుందా రాదా, వస్తే ఎన్నాళ్ళకి అని చూడాలి. మట్టికైనా, వానపాముకైనా, బర్రెకైనా, మనిషికైనా ఇదే ప్రశ్న. చెరువు సంగతి చూడండి, వాగు ఎంత సన్నగా పారినా సరే, తూము పూడిపోయి ఉంటే చెరువు నిండుతుంది, వాగు ఉధృతంగా వచ్చినా తూము పెద్దదైతే నిండదు. ఒళ్ళు కూడా అంతే. ఇది మనసులో పెట్టుకుంటే మిగతా చిక్కుముడి దాదాపు దానంతటదే విడిపోతుంది.

మామూలుగా మన ఒంట్లోకి అక్కర్లేని పదార్థం ఏదైనా వస్తే కాలేయం దాన్ని నీళ్ళలో కరిగే రూపానికి మార్చి మూత్రంలోకి తోసేయాలని చూస్తుంది. చాలా మందుబిళ్ళలు, కాఫీలో కెఫీన్ ఇలాగే పోతాయి. డీడీటీ లాంటి వాటిలో కార్బన్‌కి క్లోరిన్ గట్టిగా అతుక్కుని ఉంటుంది, దాన్ని విడగొట్టే సామర్థ్యం జంతువుల ఒంటికి పెద్దగా లేదు, పైగా ఇవి నీళ్ళలో దాదాపు కరగవు, నూనెలో కొవ్వులో ఇట్టే కరుగుతాయి. కాబట్టి తిన్నది తిన్నట్టు కొవ్వులోకి వెళ్ళి కూర్చుంటాయి. ఇలా ఒకే జీవి తన జీవితకాలంలో పోగుచేసుకోవడాన్ని బయో అక్యుములేషన్ అంటారు. అదే ఒక మెట్టు నుంచి పై మెట్టుకి వెళ్ళే కొద్దీ మోతాదు పెరుగుతూ పోతే బయో మాగ్నిఫికేషన్. ఈ రెండూ ఒకటే అనుకుని రాసేస్తుంటారు చాలామంది, కానీ మొదటిది ఉన్నచోటల్లా రెండోది ఉండదు, దాని దగ్గరికి కాసేపట్లో వస్తాను.

పై మెట్టుకి వెళ్ళే కొద్దీ ఎందుకు పెరుగుతుందంటే, తిన్న తిండంతా ఒంటికి పట్టదు కదా, ఎక్కువ భాగం ఊపిరికి, వేడికి, తిరగడానికి ఖర్చైపోతుంది. స్కూల్లో చెప్పే మోటు లెక్క ప్రకారం కింది మెట్టులో పది కిలోలు తింటే పై మెట్టులో ఒక కిలో పెరుగుతుంది. తిండి ఖర్చవుతుంది గానీ అందులో ఉన్న మందు ఖర్చవ్వదు, ఆ పది కిలోల తిండిలో ఉన్న మందంతా ఆ ఒక్క కిలోలోకి చేరుతుంది. అలా మూడు నాలుగు మెట్లు ఎక్కేసరికి గద్ద దగ్గర, కొంగ దగ్గర, తిమింగలం దగ్గర ఏమవుతుందో ఊహించుకోవచ్చు. ఇంకో సంగతి, కొవ్వులో ఉన్నంతసేపు అది పెద్దగా ఇబ్బంది పెట్టకపోవచ్చు కూడా. తిండి దొరకని చలికాలంలోనో, వేల కిలోమీటర్లు వలస ఎగిరేటప్పుడో ఆ కొవ్వు కరుగుతుంది చూడండి, అప్పుడు ఏళ్ళ తరబడి దాచుకున్నదంతా ఒక్కసారి రక్తంలోకి, మెదడులోకి వస్తుంది. అందుకే చాలా పక్షులు మందు కొట్టిన రోజున కాకుండా నెలల తర్వాత, ఎక్కడో వేరే చోట చచ్చేవి, రెండిటికీ ముడిపెట్టడం అంత కష్టమైంది.

ఇదంతా నీళ్ళ కథ. మట్టి కథ ఇంకా నెమ్మది, నా మటుకు అదే ఎక్కువ భయం పుట్టించేది. 1954లో అమెరికాలో మిచిగన్ స్టేట్ యూనివర్సిటీ క్యాంపస్‌లో ఎల్మ్ చెట్లకి తెగులొస్తే, ఆ తెగులుని మోసుకెళ్ళే పెంకుపురుగుని చంపడానికి చెట్లకి డీడీటీ కొట్టారు. ఆ ఏడు ఏమీ కాలేదు, అంతా బాగుందనుకున్నారు. మరుసటి వసంతంలో రాబిన్ పిట్టలు వలస తిరిగొచ్చి పచ్చిక మీద వణుక్కుంటూ చచ్చిపోవడం మొదలైంది. జార్జ్ వాలెస్ అనే ప్రొఫెసర్ దీని వెంట పడ్డాడు, తర్వాత ఇల్లినాయిలో రాయ్ బార్కర్ అనే ఆయన 1958 నాటికి గొలుసు మొత్తం బయటపెట్టాడు. ఆకుల మీద మందు వానకి కూడా సరిగ్గా కడుక్కుపోదు, ఆకురాలు కాలంలో ఆ ఆకులన్నీ నేల మీద పడతాయి, వానపాములకి ఎల్మ్ ఆకులంటే ఇష్టం, తిని మట్టిగా మారుస్తాయి, మందు మాత్రం వాటి ఒంట్లో ఉండిపోతుంది. కొన్ని పాములు చస్తాయి, ఎక్కువ బతికే ఉంటాయి. వసంతంలో వచ్చిన రాబిన్ వాటిని తింటుంది. పదకొండు పెద్ద వానపాములు తింటే చాలు, ఒక రాబిన్ చావడానికి సరిపడా డీడీటీ లోపలికి పోతుందని తేలింది, ఆ పిట్ట పది నిమిషాల్లో తినేసే తిండి అది. చెట్టు మీద కొట్టిన మందు, ఆకు మీదుగా, మట్టి మీదుగా, పాము మీదుగా ఏడాది తర్వాత పిట్టని చంపింది.

మట్టి ఎందుకింతలా పట్టి ఉంచుతుందంటే, బంకమట్టి రేణువులకి, కుళ్ళిన ఆకుఅలముల వల్ల వచ్చే హ్యూమస్‌కి ఈ కెమికల్స్ అంటుకుపోతాయి. డీడీటీ మట్టిలో సగానికి తగ్గడానికి నేలని బట్టి రెండేళ్ళ నుంచి పదిహేనేళ్ళ దాకా పడుతుందని లెక్క. అది విరిగినా డీడీఈ అవుతుంది, అది ఇంకా మొండిది. ఎక్కువ కాలం గడిచే కొద్దీ రేణువుల లోపలి సందుల్లోకి దూరిపోయి మొక్కలకి, సూక్ష్మజీవులకి అందకుండా పోతుంది కూడా, అందుకే ల్యాబులో మట్టిని ఘాటు ద్రావణాలతో కడిగి తీసిన అంకెకీ, నిజంగా వానపాములోకి ఎక్కేదానికీ తేడా ఉంటుంది. ఇది కొంత ఊరటే. అలాగని అక్కడ లేనట్టు కాదు, దున్నితే, కోతకి గురైతే, వరదొస్తే మళ్ళీ కదులుతుంది.

డీడీఈ చేసిన పాడు ఇంకోటుంది, అది చావుల కంటే పెద్దది. బ్రిటన్‌లో డెరెక్ రాట్‌క్లిఫ్ అనే ఆయన పెరిగ్రిన్ డేగల గుడ్లు గూట్లోనే పగిలిపోతున్నాయని గమనించి, మ్యూజియంలలో, పాత సేకరణల్లో దాచిన గుడ్ల పెంకుల్ని కొత్తవాటితో తూచి చూశాడు. 1947 ప్రాంతం నుంచి పెంకులు ఒక్కసారిగా పల్చబడ్డాయి, అంటే డీడీటీ వాడకం మొదలైన కొద్దికాలానికే. 1967లో ఇది అచ్చైంది. పెంకు తయారయ్యే చోటికి కాల్షియం చేరకుండా డీడీఈ అడ్డుపడుతుంది, తల్లి పొదగడానికి కూర్చుంటే దాని బరువుకే గుడ్డు నలిగిపోతుంది. పక్షి బాగానే ఎగురుతుంది, వేటాడుతుంది, జత కడుతుంది, పిల్లలు మాత్రం ఉండవు. అమెరికాలో అలాస్కా, హవాయి తప్ప మిగతా 48 రాష్ట్రాల్లో 1963లో బట్టతల గద్ద జంటలు 417 మిగిలాయి. 1972లో డీడీటీ నిషేధించారు, 2007లో ఆ గద్దని ప్రమాదంలో ఉన్న జీవుల జాబితా నుంచి తీసేసేనాటికి జంటలు 9 వేలు దాటాయి. నిషేధాలు పనిచేస్తాయి. కాకపోతే 35 ఏళ్ళు పట్టింది.

ఇప్పుడు లోహాల సంగతి. సీసం, కాడ్మియం, పాదరసం, ఆర్సెనిక్ వీటిని కూడా డీడీటీతో కలిపి ఒకే గాటన కట్టేస్తాం, కానీ వీటి నడక వేరు. ఇవి మూలకాలు, విరగడం అనే ప్రశ్నే లేదు, ఏ సూక్ష్మజీవీ సీసాన్ని తినేసి ఇంకోటిగా మార్చలేదు. ఉన్న చోట ఉంటాయి, లేదా కొట్టుకుపోతాయి, రెండే దారులు. అయితే ఇవన్నీ గొలుసులో పైకెళ్ళే కొద్దీ పెరగవు. సీసం ఎముకల్లోకి పోతుంది, కాల్షియం అనుకుని ఒళ్ళు దాన్ని అక్కడ పెట్టేస్తుంది, ఎముకల్లో సగం తగ్గడానికి ఇరవై ముప్పై ఏళ్ళు. కాడ్మియం కిడ్నీలో, కాలేయంలో చేరుతుంది, అక్కడ కూడా పదేళ్ళ నుంచి ముప్పై ఏళ్ళు. కానీ కండలోకి, పాలలోకి తక్కువే వెళ్తాయి కాబట్టి, కండ తినే పై జంతువుకి కింది దాని మోతాదంతా బదిలీ అవ్వదు. ఒక్కో జీవిలో పోగవుతుంది, మెట్టు మెట్టుకీ రెట్టింపు అవ్వదు. ఇందాక రెండు మాటలకీ తేడా ఉందన్నది ఇందుకే.

పాదరసం దగ్గర ఈ లెక్క తప్పుతుంది. మామూలు పాదరసం ఒంట్లోంచి కొంతవరకు పోతుంది, కానీ నదుల, చెరువుల అడుగున గాలి ఆడని బురదలో ఉండే బ్యాక్టీరియా దాన్ని మిథైల్ మెర్క్యురీగా మారుస్తాయి. అది ప్రోటీన్లకి అతుక్కుంటుంది, కండలోనే ఉంటుంది, మెదడులోకి వెళ్తుంది, మాయ దాటి కడుపులో బిడ్డకి చేరుతుంది. జపాన్‌లో మినమాటా దగ్గర చిస్సో కంపెనీ ఫ్యాక్టరీ ఈ మిథైల్ మెర్క్యురీనే సముద్రంలోకి వదిలింది, 1956 మే 1న మొదటి కేసులు అధికారికంగా నమోదయ్యాయి, అంతకంటే ముందే ఆ ఊళ్ళలో పిల్లులు పిచ్చిగా గంతులేస్తూ చచ్చాయి, ఎందుకంటే పిల్లులు తినేదంతా చేపలే. ఫ్యాక్టరీ ఆ పాదరసం వదలడం మానింది 1968లో. జబ్బు బయటపడిన పన్నెండేళ్ళకి. పుట్టిన పిల్లలకి కాళ్ళూ చేతులూ వంకర్లు తిరిగి, మాట రాక, తల్లులు మాత్రం చూడ్డానికి ఆరోగ్యంగా ఉన్నారు, ఎందుకంటే వాళ్ళ ఒంట్లోది బిడ్డకి దిగింది. 2013లో పాదరసం మీద కుదిరిన అంతర్జాతీయ ఒప్పందానికి ఆ ఊరి పేరే పెట్టారు.

అన్నం తినే మనం మినమాటా కంటే ఎక్కువ తెలుసుకోవాల్సింది మాత్రం జపాన్‌లోనే తొయామా ప్రాంతంలో జింజు నది కథ. ఎగువన కమియోకా గనుల నుంచి కాడ్మియం నదిలో కలిసి, కాలవల ద్వారా వరి పొలాలకి చేరింది, మట్టిలో పేరుకుంది, బియ్యంలోకి ఎక్కింది. ఆ అన్నం ఏళ్ళ తరబడి తిన్న ఆడవాళ్ళకి, ముఖ్యంగా నలుగురైదుగురు పిల్లల్ని కన్నవాళ్ళకి, కిడ్నీలు పాడై ఎముకలు మెత్తబడి దగ్గితే కూడా పక్కటెముక విరిగేది. నొప్పి నొప్పి అని అరుస్తారు కాబట్టి ఇటాయ్ ఇటాయ్ జబ్బు అన్నారు. 1968లో జపాన్ ప్రభుత్వం కాడ్మియమే కారణమని ఒప్పుకుంది. తర్వాత చేసిన పని చూడండి, 1979లో ఆ పొలాల మట్టిని తవ్వి మార్చడం మొదలుపెడితే 860 హెక్టార్లకి పైగా భూమి బాగుచేసేసరికి 2012 వచ్చింది. అంత డబ్బున్న దేశానికి, అంత చిన్న ప్రాంతానికి ముప్పై ఏళ్ళు దాటింది.

వరి పొలంలో ఇంకో విచిత్రం ఉంది, దీన్ని మన రైతులకి ఎవరూ సరిగ్గా చెప్పరు. పొలంలో నీళ్ళు నిలిచి ఉన్నంతకాలం గాలి ఆడదు, అప్పుడు కాడ్మియం గంధకంతో కలిసి గట్టిపడి వేరుకి అందదు. కోతకి ముందు నీళ్ళు తీసేస్తే గాలి తగిలి కరుగుతుంది, సరిగ్గా గింజ గట్టిపడే టైంలో మొక్క తీసుకుంటుంది. ఆర్సెనిక్ దీనికి పూర్తిగా ఉల్టా, నీళ్ళు నిలిచినప్పుడే విడుదలై బియ్యంలోకి ఎక్కుతుంది, ఆరబెడితే తగ్గుతుంది. అందుకే ఆరుతడి పద్ధతిలో వరి పండిస్తే నీళ్ళు ఆదా, ఆర్సెనిక్ తగ్గుదల రెండూ నిజమే, కానీ మట్టిలో కాడ్మియం ఉన్నచోట అదే పద్ధతి బియ్యంలో దాన్ని పెంచొచ్చు. మట్టిలో ఏముందో తెలియకుండా ఈ నిర్ణయం తీసుకోలేం. కాడ్మియం ఫ్యాక్టరీల నుంచే రానక్కర్లేదు, ఫాస్ఫేట్ ఎరువులు తయారుచేసే రాతిలోనే సహజంగా ఉంటుంది. యూరప్ 2022 నుంచి ఫాస్ఫేట్ ఎరువుల్లో ఒక కిలో పీ2ఓ5కి (ఎరువులో భాస్వరాన్ని లెక్కగట్టే రూపం) కాడ్మియం 60 మిల్లీగ్రాములు మించకూడదని పరిమితి పెట్టింది, ఎందుకంటే ఏటా చల్లేది గోరంత అయినా వెళ్ళే దారి లేదు.

మధ్యలో రాబందుల గురించి చెప్పకపోతే ఈ వ్యాసం అసంపూర్ణం, ఎందుకంటే వాటిని ఈ జాబితాలో తప్పుగా కలిపేస్తారు. 1990ల నుంచి 2007 లోపు మన దేశంలో తెల్లవీపు రాబందులు 99 శాతానికి పైగా మాయమయ్యాయి. అందరూ డీడీటీ అన్నారు, వైరస్ అన్నారు. 2004లో తేలింది ఏంటంటే పశువులకి నొప్పికి ఇచ్చే డైక్లోఫెనాక్ ఇంజెక్షన్. ఇది పేరుకునే రకం కాదు, పశువు ఒంట్లోంచి కొద్ది రోజుల్లోనే పోతుంది. కానీ ఇంజెక్షన్ ఇచ్చిన వెంటనే చచ్చిన పశువుని తిన్న రాబందు కిడ్నీలు పాడై రోజుల్లో చస్తుంది, ఒక కళేబరం మీద వంద వాలతాయి కాబట్టి వంద చస్తాయి. వంద కళేబరాల్లో ఒక్కదానికంటే తక్కువలో మందు ఉన్నా జాతి తుడిచిపెట్టుకుపోవడానికి చాలని లెక్క కట్టారు. 2006లో పశువులకి దాన్ని నిషేధించారు. మన తెలంగాణలో కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవుల్లో పాలరాపు గుట్ట మీద పొడుగు ముక్కు రాబందులు 2013లో కనబడితే అంత వార్త ఎందుకైందో దీన్ని బట్టి అర్థమవుతుంది. కాబట్టి మెల్లగా నిండేవి వేరు, ఒక్క దెబ్బతో చంపేవి వేరు, రెండిటికీ విరుగుడు వేరు. రెండో రకాన్ని ఆపితే మరుసటి ఏటి నుంచే ఫలితం రావచ్చు, మొదటి రకానికి అది కుదరదు.

ఇక మన ఇళ్ళ దగ్గరికి వద్దాం. యాభై అరవై ఏళ్ళు దాటిన వాళ్ళకి గెమాక్సిన్ పొడి గుర్తుండే ఉంటుంది, చీమలకి గోడ వారన చల్లేవాళ్ళు, పొలాల్లో బీహెచ్‌సీ పొడి అని బస్తాల కొద్దీ వరి మీద దులిపేవాళ్ళు. ఎండ్రిన్ పేరు తెలియని పల్లె లేదు. ఇవన్నీ డీడీటీ కుటుంబమే. ఎండ్రిన్‌ని 1990లో, బీహెచ్‌సీని 1997 ఏప్రిల్‌లో నిషేధించారు, డీడీటీని 1989లో వ్యవసాయం నుంచి తీసేసి మలేరియా దోమల వరకే ఉంచారు. ఈ బీహెచ్‌సీలో ఇంకో అన్యాయం ఉంది, అందులో పురుగుని చంపే భాగం పది పదిహేను శాతమే, మిగతాదంతా ఎందుకూ పనికిరాని దాని తోబుట్టువులు, వాటిలో బీటా అనే రకం అన్నిటికంటే మొండిది, ఒంట్లో అదే ఎక్కువ కాలం ఉంటుంది. అంటే రైతు డబ్బు పెట్టి కొన్నదాంట్లో ఎక్కువ భాగం పురుక్కి కాకుండా మట్టికీ మనకీ పోయింది.

అది మనదాకా ఎలా వచ్చిందంటే, వరి మీద పడిన పొడి గింజలోకి ఎక్కువ పోలేదు, గడ్డిలో, తవుడులో నిలిచింది. గడ్డి, తవుడు ఎవరు తింటారు? బర్రె, ఆవు. పాలలో వెన్న ఉంటుంది, వెన్న కొవ్వు, కొవ్వులోకి ఇవి చేరతాయి. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 1993లో బయటపెట్టిన సర్వేలో 12 రాష్ట్రాల నుంచి 2205 పాల శాంపిళ్ళు తీస్తే 82 శాతంలో డీడీటీ అవశేషాలున్నాయి, 37 శాతంలో పరిమితి దాటి ఉన్నాయి. పాలు కాచి, తోడు పెట్టి, చిలికి, వెన్న తీసి, నెయ్యి కాస్తే పోతుందా అంటే పోదు, కొవ్వు చిక్కబడే కొద్దీ అదీ చిక్కబడుతుంది. ఆ పైన ఇంకో మెట్టు ఉంది, చాలామంది మనిషే చివర అనుకుంటారు, కాదు, తల్లి పాలు తాగే పసిబిడ్డ చివర. తల్లి ఏళ్ళ తరబడి కొవ్వులో దాచుకున్నది పాలతో పాటు బిడ్డకి దిగుతుంది, తిమింగలాల్లో కూడా మొదటి పిల్లకే ఎక్కువ చేరుతుంది. ఇది చదివి ఎవరూ పాలివ్వడం మానకండి దయచేసి, తల్లి పాల వల్ల బిడ్డకి వచ్చే మేలు దీనికంటే చాలా పెద్దదని డాక్టర్లు, ప్రపంచ ఆరోగ్య సంస్థ గట్టిగా చెప్తున్నారు. సరిచేయాల్సింది తల్లిని కాదు, గడ్డి మీద పడిన పొడిని.

గోదావరి జిల్లాల్లో ఎలుకల మందు ఇంకో గొలుసు. నూకలు 96 పాళ్ళు, నూనె 2, బ్రోమాడయోలోన్ అనే ఎలుకమందు 0.25 శాతమే ఉండే పొడి 2 కలిపి పొట్లాలు కట్టి బొరియల్లో పెడతారు, ఊరంతా ఒకే రోజు చేస్తారు. ఈ మందు తిన్న ఎలుక వెంటనే చావదు, కొన్ని రోజులు పడుతుంది, ఈలోపు మందగించి బయట తిరుగుతుంది, గుడ్లగూబకి అంతకంటే సులువైన వేట ఏముంటుంది? ఇది కాలేయంలో నెలల తరబడి ఉండే రకం. బ్రిటన్‌లో చచ్చిన బార్న్ గుడ్లగూబల కాలేయాలు పరీక్షిస్తే ఎక్కువ వాటిలో ఈ తరహా ఎలుకమందులు దొరుకుతున్నాయి. ఎలుకల్ని ఏడాది పొడుగునా ఉచితంగా తినే పక్షి అది. బుట్టలు పెట్టి ఎలుకల్ని పట్టేవాళ్ళు డెల్టాలో ఇంకా ఉన్నారు, వాళ్ళకి కూలి గిట్టేలా చేస్తే మందు చాలావరకు తగ్గించొచ్చని నా అభిప్రాయం.

మూసీ గురించి చెప్పాలంటే ఇంకో వ్యాసం కావాలి. అనంతగిరి కొండల్లో పుట్టినప్పుడు బాగానే ఉంటుంది, హైదరాబాద్ దాటేసరికి సిటీ మురుగు, దాంతోపాటు ఫ్యాక్టరీల నీళ్ళు కలుస్తాయి, కింద కత్వాల (నదికి అడ్డంగా కట్టిన చిన్న ఆనకట్టల) దగ్గర ఆ నీళ్ళే కాలవల్లోకి మళ్ళి పారాగడ్డికి, వరికి, ఆకుకూరలకి పారతాయి. పారాగడ్డి కోసి సిటీ బర్రెలకి అమ్ముతారు. అక్కడి నీళ్ళు, మట్టి, గడ్డి, పశువుల వరుస మీద పరిశోధకులు పనిచేశారు, లోహాలు కనబడ్డాయి, ఘట్‌కేసర్ దగ్గర ఎదులాబాద్ చెరువు చేపల్లోనూ కనబడ్డాయి. లోహాలు పాలలోకి తక్కువ వెళ్తాయని ఇందాక అనుకున్నాం కదా, కాబట్టి ఇక్కడ పాల కంటే ముందు చూడాల్సినవి ఆకుకూరలు, చేపలు, పశువుల కాలేయం, కిడ్నీలు. పాలకూర, తోటకూర లాంటివి కాడ్మియాన్ని బాగా లాగేస్తాయి, కాయలు, పళ్ళు తక్కువ. సీసం ఎక్కువగా దుమ్ముగా ఆకుల మీద ఉంటుంది, బాగా కడిగితే కొంత పోతుంది, కాడ్మియం ఆకు లోపల ఉంటుంది కాబట్టి కడిగినా పోదు.

నాటుకోడి గుడ్డు మంచిదని మనకి గట్టి నమ్మకం, మంచి ఊళ్ళో అది నిజమే. కానీ నాటుకోడి రోజంతా మట్టి గీరి పురుగులు ఏరుకు తింటుంది, దాంతోపాటు మట్టి మింగుతుంది, మట్టిలో కొవ్వులో కరిగే కెమికల్ ఏదుంటే అది పచ్చసొనలోకి వస్తుంది. చెత్త తగలబెట్టే చోట్ల, పాత వైర్లు కాల్చి రాగి తీసే చోట్ల నేలలో డయాక్సిన్లు (చెత్త, ప్లాస్టిక్ కాలితే పుట్టే మొండి విషాలు) ఉన్నాయో లేవో చూడ్డానికి సైంటిస్టులు ప్రపంచమంతా నాటుకోడి గుడ్లనే పరీక్షిస్తారు. డంపింగ్ యార్డు పక్కన పెరిగే కోడి, ఫారం కోడి కంటే మంచిదని అనుకోవడానికి లేదు.

ఇక్కడి నుంచి ఏం చేయాలన్నది రైతు వైపు నుంచి చూస్తే నాకు ముఖ్యంగా అనిపించేది చెరువు ఒండ్రు. పూడిక మట్టి పొలానికి తోలడం మన పాత అలవాటు, చాలా మంచి అలవాటు, 2015లో మిషన్ కాకతీయ మొదలయ్యాక లక్షల ట్రాక్టర్లు తోలారు. ఊరి చెరువైతే కళ్ళు మూసుకుని తోలుకోవచ్చు. కానీ ఫ్యాక్టరీ నీళ్ళు, సిటీ మురుగు ఎప్పుడైనా కలిసిన చెరువైతే, ఇరవై ఏళ్ళ కింద కలిసి ఆగిపోయినా సరే, లోహాలన్నీ ఆ ఒండ్రులోనే ఉంటాయి, పైన నీళ్ళు తేటగా ఉండొచ్చు. అక్కడ మన సాయిల్ హెల్త్ కార్డు సాయం చేయదు. అందులో ఉండేవి 12 పరీక్షలు, నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింక్, ఇనుము, రాగి, మాంగనీస్, బోరాన్, ఇంకా పీహెచ్, లవణాలు, సేంద్రియ కార్బన్. సీసం లేదు, కాడ్మియం లేదు, ఆర్సెనిక్ లేదు, పాదరసం లేదు. పటాన్‌చెరు చుట్టూ, మూసీ వెంబడి, ఇంకా ఇలాంటి పారిశ్రామిక వాడల కింద ఉన్న ఊళ్ళకైనా ఈ నాలుగూ కార్డులో కలపాలి, ఒండ్రు తీసే ముందు ఆ చెరువు అడుగు మట్టి పరీక్ష తప్పనిసరి చేయాలి, దానికయ్యే ఖర్చు పొలం పాడైతే పెట్టాల్సిన దాని ముందు ఏమీ కాదు.

ఇప్పటికే పొలంలో పడిపోయి ఉంటే పూర్తిగా తీయలేం గానీ కట్టడి చేయొచ్చు. మట్టి పులుపెక్కితే కాడ్మియం, సీసం వదులవుతాయి, కాబట్టి పీహెచ్ పడిపోకుండా సున్నం చూసి వాడాలి. ఎర్ర చల్కా నేలల్లో బంక తక్కువ, పట్టు తక్కువ, అక్కడ ఇది ఇంకా అవసరం, నల్లరేగడి కొంత పట్టి ఉంచుతుంది. పశువుల ఎరువు, కంపోస్టు కూడా పట్టి ఉంచుతాయి, కాకపోతే సిటీ చెత్త నుంచి చేసిన కంపోస్టు అయితే దానిలోనే లోహాలుంటాయేమో అడిగి తీసుకోవాలి. జింక్ లోటు ఉన్న నేలలో మొక్క కాడ్మియాన్ని ఎక్కువ లాగుతుంది, లోటు తీరిస్తే తగ్గుతుంది. ఆకుకూరలు మానేసి పూలు వేసుకోవడం మేలు. పత్తి కూడా వేసుకోవచ్చు, కానీ పత్తి గింజల చెక్క మళ్ళీ పశువుల దాణాలోకే వెళ్తుంది, ఆ గింజని కూడా ఒకసారి పరీక్ష చేయించి అమ్ముకోవాలి.